పానిక్ అటాక్‌కి మాత్ర వేసుకుంటే అది పట్టేలోపే అటాక్ తగ్గిపోతోంది. ఇక మాత్ర దేనికి?

గుండెదడ_గోవిందు
మా అక్కకి పానిక్ డిజార్డర్ అని తేల్చారు. ఈసీజీ, థైరాయిడ్, రక్తం, షుగర్ అన్నీ బాగానే ఉన్నాయి. ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా., క్లోనజెపామ్ 0.5 మి.గ్రా. రెండూ కలిసున్న మాత్ర రాత్రికి ఒకటి రాశారు. గాబరా ముంచుకొస్తే వేసుకోమని ఆల్ప్రజోలామ్ 0.25 విడిగా ఇచ్చారు. అటాక్ మొదలవగానే ఆల్ప్రజోలామ్ వేసుకుంటే, అది పట్టేసరికి అటాకే అయిపోతోంది. మరి వేసుకోవడం ఎందుకు? పైగా మొదటి వారంలో తగ్గకపోగా వణుకు, నిద్ర పట్టకపోవడం ఎక్కువయ్యాయి. మందు పడలేదనుకోవాలా? ఇంకోటి, సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) అనే మానసిక చికిత్స అంటే ఎదురుగా కూర్చోబెట్టి ధైర్యం చెప్పడమేనా, అందులో చేసే పనేమైనా ఉందా? నెట్‌లో ఎక్కడ చూసినా "గట్టిగా ఊపిరి పీల్చుకోండి" తప్ప ఇంకో ముక్క లేదు.

ఫార్మా_పిల్లి
మొదటిదానికి నేను చెప్తా. అక్క గమనించింది నిజమే. ఆల్ప్రజోలామ్ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి 1 నుంచి 2 గంటలు పడుతుంది. పానిక్ అటాకేమో నిమిషాల్లో, మామూలుగా 10 నిమిషాల్లోపే, పతాకస్థాయికి వెళ్ళి తర్వాత దానంతటదే దిగుతుంది. నాలుక కింద పెట్టుకున్నా ఈ లెక్క పెద్దగా మారదు. జరిగేదేంటంటే, తగ్గింది శరీరం, పేరు మాత్రకి. "వేసుకున్నా కాబట్టి బతికా" అని మెదడు రాసుకుంటుంది. తర్వాతి అటాక్‌కి మాత్ర ఇంకా తొందరగా కావాలి. అసలు జబ్బు ముదిరేది ఇక్కడే.

ఉక్కపోత
వేసుకోకపోయినా, జేబులో ఉంటే చాలనుకునేవాళ్ళు బోలెడుమంది. ఆ మాత్ర ఎక్స్‌పైరీ దాటి, జేబులోనే నలిగి పొడైపోయినా సరే, దాని మహిమ తగ్గదు 😀

పాతకాపు
రెండో ప్రశ్న. మందు పడకపోవడం కాదు. ఎస్సిటలోప్రామ్ లాంటి ఎస్ఎస్ఆర్ఐ మందులు (మెదడులో సెరటోనిన్ మీద పనిచేసేవి) మొదటి వారం పది రోజుల్లో వణుకు, కడుపులో తిప్పడం, నిద్రలేమి, ఉలికిపాటు తేవడం మామూలే. పానిక్ ఉన్నవాళ్ళకి ఇది మరీ ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే వాళ్ళ దృష్టి ఎప్పుడూ ఒంటి మీదే. అందుకే డిప్రెషన్‌కి మొదలుపెట్టే డోసులో సగంతో వీళ్ళకి మొదలుపెడతారు: ఎస్సిటలోప్రామ్ అయితే 5, సెర్ట్రలిన్ 25, పారోక్సెటిన్ 10, వెన్లాఫాక్సిన్ ఎక్స్ఆర్ (మెల్లగా విడుదలయ్యే రకం) 37.5 మి.గ్రా. వారం ఆగి పెంచుతారు. ఒకేసారి 10తో దిగితే చాలామంది నాలుగో రోజుకే "ఈ మందు నా ఒంటికి సరిపడదు" అని పక్కన పడేస్తారు. మంచి మందు అలా వృథా.

మార్పు కనిపించడానికి 2 నుంచి 6 వారాలు. సరైన డోసు మీద 8 నుంచి 12 వారాలు చూడకుండా మందు ఫెయిలైందని అనకూడదు. నిద్ర పట్టకపోతే ఎస్సిటలోప్రామ్ ఉదయానికి మార్చొచ్చేమో డాక్టర్ని అడగండి.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. అస్సలు కుదురు లేకపోవడం, చావు ఆలోచనలు, లేదా నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, గలగలా మాటలు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. 25 ఏళ్ళ లోపు వాళ్ళలో ఆత్మహత్య ఆలోచనల గురించి ఈ మందుల సమాచార పత్రాల్లో హెచ్చరిక ఉండేది ఊరికే కాదు.

మాత్రలపెట్టె
నాకు కోపం వచ్చేది ఆ రెండూ కలిపిన మాత్ర మీద. పాతకాపు గారు చెప్పినట్టు 5కి తగ్గించాలని సగం విరిస్తే క్లోనజెపామ్ కూడా సగమవుతుంది. నెల తర్వాత ఎస్సిటలోప్రామ్ 20కి పెంచాలంటే క్లోనజెపామ్ రెట్టింపు. క్లోనజెపామ్ ఆపేద్దామంటే ఎస్సిటలోప్రామ్ కూడా పోతుంది. ఒకటి ఏడాది వాడాల్సిన మందు, ఇంకోటి వారాల్లో ఆపాల్సిన మందు. రెంటినీ ఒకే తాడుకి కట్టేస్తే ఎలా? విడివిడిగా రాయమని అడగండి, తప్పేం లేదు.

ఇంకో సంగతి. క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్ రెండూ ఒకే జాతి, బెంజోడయజెపైన్లు, క్లుప్తంగా బెంజోలు. రెండూ ఎందుకో కూడా అడగండి.

చీమదండు
బెంజోలంటే విషం అన్నట్టు మాట్లాడేస్తున్నారు. మాత్రలపెట్టె గారూ, వారాల తరబడి గడప దాటని మనిషికి "ఆరు వారాలు ఓపిక పట్టు" అంటే మధ్యలోనే మానేస్తాడు. 2001లో వచ్చిన ఒక ట్రయల్‌లో సెర్ట్రలిన్‌తో పాటు తొలి 4 వారాలు క్లోనజెపామ్ ఇచ్చి, తర్వాత 3 వారాల్లో తగ్గించి ఆపేశారు. మొదటి వారాల్లో వాళ్ళకి తొందరగా నయంగా అనిపించింది.

పాతకాపు
ఆ ట్రయల్‌లో రెండో సగం కూడా చెప్పండి మరి. చివరికొచ్చేసరికి రెండు గుంపులకీ తేడా మిగల్లేదు. వంతెనగా వాడితే నాకూ అభ్యంతరం లేదు, వంతెన మీద ఇల్లు కట్టుకుంటేనే గొడవ. వాడేటట్టయితే వేళ ప్రకారం, ఇన్ని వారాలని ముందే అనుకుని వాడాలి. "గాబరా పడ్డప్పుడల్లా ఒకటి" అనేదే అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ మార్గదర్శకాల్లో పానిక్ డిజార్డర్‌కి బెంజోలు వద్దనే ఉంది. అలవాటు పడటం, మానేటప్పుడు వచ్చే ఇబ్బందుల మీద 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందు సమాచార పత్రంలో గడి కట్టి వేసే గట్టి హెచ్చరిక పెట్టించింది. మద్యం తాగేవాళ్ళు, ట్రమడాల్, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు వాడేవాళ్ళు కలిపి వేసుకుంటే ఊపిరి మందగించి ప్రాణం మీదకి వస్తుంది.

చీమదండు
వేళ ప్రకారం అనేది ఒప్పుకుంటా. మిగతాది డాక్టర్‌ని బట్టి.

తోకచుక్క
సీబీటీ ధైర్యం చెప్పడం కాదు. ధైర్యం చెప్పడం దానికి పూర్తి వ్యతిరేకం అన్నా తప్పు లేదు. "ఏం కాదులే" అని పక్కన ఒకళ్ళు అనాల్సి వస్తోందంటే ఆ మనిషి కూడా జేబులో మాత్ర లాంటివాడే.

మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో చెప్పిన చక్రం ఇది: ఒంట్లో చిన్న మార్పు, దడ అనుకుందాం. "గుండెపోటేమో" అన్న అర్థం. భయం. భయంతో అడ్రినలిన్, ఇంకా దడ. "చూశావా, నిజమే." ఈ చక్రాన్ని "అర్థం" దగ్గర తెంపుతారు, దడ దగ్గర కాదు. దడ ఎవరికైనా వస్తుంది.

తెంపే పనిముట్టు ఇంటరోసెప్టివ్ ఎక్స్‌పోజర్. అంటే ఏ లక్షణానికి భయపడుతున్నారో దాన్ని కావాలనే తెచ్చుకోవడం:

తల రెండు పక్కలకీ ఊపడం, 30 సెకన్లు: కళ్ళు తిరుగుతాయి.
ఉన్నచోటే పరుగు, 60 సెకన్లు: దడ, ఆయాసం.
తిరిగే కుర్చీలో గిరగిరా, 60 సెకన్లు: తూలిపోవడం, కడుపులో తిప్పడం.
ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో ఊపిరి, 60 నుంచి 120 సెకన్లు: ఊపిరి చాలని భావన.
నోటితో వేగంగా, లోతుగా ఊపిరి, 60 సెకన్లు: తిమ్మిర్లు, తేలిపోతున్నట్టు ఉండటం.
అద్దంలో తన కళ్ళలోకే చూస్తూ 2 నిమిషాలు: అంతా అబద్ధంలా, కలలా అనిపించడం.

అన్నీ ఒక్కోసారి చేసి మూడు అంకెలు వేసుకోవాలి, 0 నుంచి 10 వరకు: లక్షణం ఎంత గట్టిగా వచ్చింది, భయం ఎంత, అసలు అటాక్‌ని ఎంత పోలి ఉంది. పోలిక బాగా ఉన్నవాటినే పట్టుకోవాలి. స్ట్రా ఏమీ చేయకుండా కుర్చీ హడలగొడితే, పని కుర్చీ మీదే.

చేసే ముందు ఒక వాక్యం రాయాలి: "ఇది 60 సెకన్లు చేస్తే స్పృహ తప్పి పడిపోతాను." చేశాక దాని పక్కనే: పడ్డారా లేదా. అంతే. భయం సున్నాకి రావాల్సిన పని లేదు. ఊహించింది జరగలేదని మెదడుకి తెలియడమే అసలు పని అని మిషెల్ క్రాస్క్ పరిశోధనలు గట్టిగా చెప్తాయి. వరసగా మూడు నాలుగు సార్లు, రోజూ.

ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, గర్భం, మెడ నొప్పులు ఉంటే డాక్టర్ని అడగకుండా వీటి జోలికి వెళ్ళొద్దు.

వడగళ్లు
తోకచుక్క గారూ, కుర్చీలో తిరిగాక నెమ్మది శ్వాస చేసి శాంతపడొచ్చా? చాలా వీడియోల్లో అలాగే చెప్తున్నారు.

తోకచుక్క
చేయకూడదు. ఎక్స్‌పోజర్ చెడిపోయే మొదటి దారి అదే. "శ్వాస పట్టి ఆపుకున్నా కాబట్టి పడిపోలేదు" అయిపోతుంది, మాత్ర పోయి శ్వాస వచ్చినట్టు. ఆగాక ఊరికే కూర్చోవాలి, లక్షణం తన టైమ్‌కి తాను పోతుంది.

చెడిపోయే దారులు ఇంకా ఉన్నాయి. 60 సెకన్లు అని చెప్తే 20కే ఆపేయడం. గోడ పట్టుకుని తల ఊపడం. పక్కన ఒకళ్ళని కూర్చోబెట్టుకోవడం. వాచీలో పల్స్ చూస్తూ పరిగెత్తడం. క్లోనజెపామ్ వేసుకున్న గంటకి చేయడం, అప్పుడు మెదడు నేర్చుకునేదేమీ ఉండదు. ఇంట్లో కుదిరింది కదా అని అక్కడే ఆగిపోవడం కూడా. తర్వాత ఒంటరిగా, కాఫీ తాగి, మాత్ర ఇంట్లో వదిలేసి బయట, చివరికి ఏ బస్సు, ఏ లిఫ్టు తప్పించుకుంటున్నారో అందులో చేయాలి.

మామూలుగా 12 నుంచి 15 సెషన్లు. నాలుగో ఐదో సెషన్‌కి కూడా ఒక్క ఎక్స్‌పోజర్ లేకుండా బాల్యం గురించే మాట్లాడుతుంటే, అది ఏదైనా కావచ్చు, పానిక్‌కి సీబీటీ మాత్రం కాదు.

ఉక్కపోత
మా ఆఫీసులో తిరిగే కుర్చీలు 40 ఉన్నాయి. క్లినిక్ పెట్టేస్తా.

సగంచదివినోడు
కాగితపు సంచిలో ఊపిరి పీలిస్తే ఠక్కున తగ్గుతుంది కదా? సినిమాల్లో అదే చూపిస్తారు.

ఫార్మా_పిల్లి
వద్దు. అటాక్‌లో అవసరానికి మించి ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో మెదడు రక్తనాళాలు కాస్త సన్నబడి తల తేలిపోతుంది, రక్తంలో విడిగా తిరిగే కాల్షియం తగ్గి మూతి చుట్టూ, వేళ్ళలో తిమ్మిర్లు, కొందరికి చేతివేళ్ళు కొంకర్లు పోతాయి. సంచి ఆ వాయువుని తిరిగి ఇస్తుందన్నది ఆలోచన. కానీ ఆ వచ్చింది పానిక్ కాకుండా ఆస్తమానో, గుండెపోటో, ఊపిరితిత్తుల్లో గడ్డో అయితే సంచి పెట్టుకుని ఆక్సిజన్ తగ్గించుకున్నట్టే. పక్కనున్నవాళ్ళకి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

గోవిందు గారు విసుక్కున్న "గట్టిగా ఊపిరి పీల్చు" కూడా ఇదే తప్పు. ఇప్పటికే ఎక్కువైన గాలిని ఇంకా ఎక్కించడం. మామూలు ఒత్తిడికి శ్వాస నేర్చుకుంటామంటే ముక్కుతో, చిన్నగా, 4 సెకన్లు లోపలికి, 6 సెకన్లు బయటికి. ఛాతీ ఉబ్బించక్కర్లేదు.

సగంచదివినోడు
ఆక్సీమీటర్‌లో 99 చూపిస్తున్నా ఊపిరి ఆడట్లేదంటారే, అది ఇదేనా?

ఫార్మా_పిల్లి
అదే. ఆక్సిజన్ నిండుగా ఉంది, కార్బన్ డయాక్సైడ్ తక్కువైంది. ఆ మీటర్ రెండోదాన్ని చూడలేదు.

నిద్రలేని_గువ్వ
నిద్రలోంచి దిగ్గున లేచే అటాక్‌ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇవి పీడకలలు కావు, కలలు వచ్చే నిద్ర దశలో కాక దానికి బయట వస్తాయి. లేచినవాళ్ళకి కల గుర్తుండదు, ఒళ్ళే గుర్తుంటుంది. చికిత్స పైన చెప్పిందే. కాకపోతే గురక, పగలు తూగు ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), గుండెలో మంట, పుల్ల తేన్పులు ఉంటే ఆసిడ్ రిఫ్లక్స్ ముందు చూడాలి. రాత్రి అటాక్ వస్తుందని రెండింటి దాకా మేలుకుని కూర్చుంటే నిద్ర చాలక మరుసటి రోజు అటాక్‌కి మనమే బాట వేసినట్టు.

మాత్రలపెట్టె
అక్కకి పరీక్షలు బాగున్నాయన్నారు, మంచిదే. చదివే మిగతావాళ్ళ కోసం ఇది. స్విచ్ వేసినట్టు దడ మొదలై, స్విచ్ తీసినట్టు ఆగిపోయి, ఆ మధ్యలో పల్స్ 150 పైన ఒకే తీరున కొట్టుకుంటే అది గుండె లయ జబ్బు అయిన ఎస్‌వీటీ కావచ్చు. మామూలప్పుడు తీసిన ఈసీజీలో అది దొరకదు. ఒకటి రెండు రోజులు ఒంటికి తగిలించి గుండె కొట్టుకోవడాన్ని నమోదు చేసే హోల్టర్ అనే యంత్రం కావాలి, ఎపుడో గాని రాకపోతే ఇంకా ఎక్కువ రోజులది. పానిక్ దడ మామూలుగా కొద్దికొద్దిగా ఎక్కి కొద్దికొద్దిగా దిగుతుంది. నిజంగా స్పృహ తప్పి పడిపోవడం, మెట్లెక్కితే ఛాతీ నొప్పి, యాభై దాటాక జీవితంలో మొదటిసారి అటాక్: ఇవి ఉంటే సైకాలజిస్ట్ దగ్గరకి తర్వాత వెళ్దురుగాని.

పానిక్‌లో పడిపోతామన్న భయం ఉంటుంది గానీ పడిపోవడం బహు అరుదు. పడిపోవాలంటే బీపీ పడాలి, అటాక్‌లో అది సాధారణంగా పెరుగుతుంది.

వడగళ్లు
మరి సూది చూస్తే పడిపోయేవాళ్ళు?

తోకచుక్క
అదొక్కటే మినహాయింపు. రక్తం, సూది భయంలో ముందు బీపీ పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. వాళ్ళకి ఒళ్ళు వదులు చేసుకోమని చెప్పడం మంచిది కాదు. చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలు బిగబట్టి, మొహం వేడెక్కేదాకా 10 నుంచి 15 సెకన్లు. తర్వాత మామూలు స్థితికి వదిలి 20 నుంచి 30 సెకన్లు ఆగి, మళ్ళీ. అలా ఐదుసార్లు. సూది వేసే చేతిని మాత్రం వదులుగా ఉంచాలి.

ఉక్కపోత
ప్రొప్రనలాల్ (దడ తగ్గించే మాత్ర) గురించి ఎవరూ అనలేదేం? స్టేజీ ఎక్కే ముందు వేసుకుంటే చేతులు వణకవట.

ఫార్మా_పిల్లి
స్టేజీ వరకు సరే. 10 నుంచి 40 మి.గ్రా., ఓ గంట ముందు. అదీ ముందొకసారి ఇంట్లో వేసుకుని చూశాక. ఆస్తమా ఉంటే ముట్టుకోకూడదు. పల్స్, బీపీ ముందే తక్కువగా ఉండేవాళ్ళకీ వద్దు. పానిక్ డిజార్డర్‌కి మాత్రం అది చికిత్స కాదు. బస్‌పిరోన్ కూడా అంతే, ఎప్పుడూ వదలని ఆందోళనకి పనికొస్తుంది, పానిక్‌కి కాదు.

ఎస్ఎస్ఆర్ఐ మీద ఉన్నవాళ్ళు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి తరచూ వేసుకుంటే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పెద్దవయసువాళ్ళలో రక్తంలో సోడియం తగ్గి మగతగా, తికమకగా ఉంటారు, దాన్ని వయసు మీద తోసేయకుండా పరీక్ష చేయించాలి. లైంగిక ఇబ్బందులు చాలామందికి వస్తాయి, సిగ్గుపడి డాక్టర్‌కి చెప్పకుండా మందే మానేస్తారు.

చీమదండు
కాఫీ సంగతి. పానిక్ ఉన్నవాళ్ళకి కెఫీన్ అటాక్ తెప్పించగలదు, 400 మి.గ్రా. దాటితే మరీ. కానీ ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, చిరాకు, వాటిని చూసి మళ్ళీ భయం. మూడు నాలుగు రోజులకోసారి పావు వంతు తగ్గించండి. జలుబు మాత్రల్లో స్యూడోఎఫెడ్రిన్, ఆస్తమా ఇన్‌హేలర్లో సాల్బుటమాల్ కూడా దడ తెస్తాయి. ఇన్‌హేలర్ మానేయమని కాదు, దడ ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే అర్థం మారుతుంది కదా, తోకచుక్క గారి చక్రం ప్రకారం.

తోకచుక్క
అవును. కాకపోతే చికిత్స చివర్లో ఒక కాఫీ కావాలనే తాగిస్తాం. జీవితాంతం కాఫీకి భయపడటం కూడా తప్పించుకోవడమే.

గుండెదడ_గోవిందు
విడివిడి మాత్రలు రాయించాం. ఎస్సిటలోప్రామ్ 5కి తగ్గించారు, ఆల్ప్రజోలామ్ తీసేశారు. ఇక ఆపడం గురించి చెప్పండి. ముందు ఏది, ఎంత కాలానికి?

పాతకాపు
ముందు క్లోనజెపామ్, ఎస్సిటలోప్రామ్ పట్టు దొరికాక. రెండూ ఒకేసారి కదిలించకూడదు. కొద్ది వారాలే వాడి ఉంటే రెండు మూడు వారాల్లో దించేస్తారు. నెలల తరబడి వాడినవాళ్ళకి 2 నుంచి 4 వారాలకోసారి అప్పుడున్న డోసులో 5 నుంచి 10 శాతం తగ్గింపు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మొదట్లో సులువుగా దిగి, చివరి ముక్క దగ్గర ఇబ్బంది పెడుతుంది, కంగారు పడి మళ్ళీ మొదటికి పోకుండా అక్కడే ఇంకో రెండు వారాలు ఆగాలి.

ఎస్సిటలోప్రామ్ పూర్తిగా నయమయ్యాక కూడా 6 నెలల నుంచి ఏడాది. తర్వాత నెలల మీద తగ్గింపు, కింది డోసుల దగ్గర మరీ మెల్లగా. సగానికి విరిచినా ఎక్కువనిపిస్తే ద్రావణం రూపంలో దొరుకుతుందేమో అడగండి. రోజు మార్చి రోజు వేసుకుని తగ్గించడం పనికిరాదు, మందు స్థాయి పైకీ కిందకీ ఊగుతుంది.

ఆపాక వచ్చే ఇబ్బందిని జబ్బు తిరగబెట్టిందనుకునేవాళ్ళు ఎక్కువ. రెండు నాలుగు రోజుల్లోనే వచ్చి, కళ్ళు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు, తూలుడు, చిరాకు ఉండి, పాత డోసు వేసుకోగానే ఒకట్రెండు రోజుల్లో పోతే అది మందు మానడం వల్ల వచ్చింది. వారాలు గడిచాక మెల్లగా భయాలు, తప్పించుకోవడాలు మొదలైతే జబ్బు. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ మానడం కష్టం. ఫ్లుయోక్సెటిన్ ఒంట్లో వారాల పాటు మిగిలి తనంతట తాను దిగుతుంది కాబట్టి సులువు.

మాత్రలపెట్టె
వెన్లాఫాక్సిన్ ఎక్స్ఆర్ క్యాప్సూల్ లోపలి గుళికల్ని నూరకూడదు, నమలకూడదు. మందు మొత్తం ఒకేసారి దిగుతుంది.

నిద్రలేని_గువ్వ
మందు మానే లోపే ఎక్స్‌పోజర్లు పూర్తయితే మంచిది. మందు ఒక్కటే వాడి మానేసినవాళ్ళలో తిరగబెట్టడం ఎక్కువ.

గుండెదడ_గోవిందు
మధ్యలో ఒక పూట మర్చిపోతే?

ఫార్మా_పిల్లి
అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. మరుసటి డోసు దగ్గరపడితే వదిలేయండి. రెండు కలిపి మాత్రం వద్దు.